బాయిలనే ఉన్నడన్న పేజీ

2021. గోదావరిఖనిల ఒక మొబైల్ షాపు మీది రూముల వెబ్‌సైట్లు చేస్తుండేదాన్ని. షిఫ్టు వదిలినంక కిందికెల్లి పోయే బండ్ల సప్పుడు, పక్క కొట్టు మిర్చీల వాసన యాదికొస్తే ఇప్పటికీ పానం గుంజుతది.

ఆ ఏడు మా కాలనీ కోసం రక్తం ఇచ్చేటోళ్ల పేజీ చేసిన. మా దిక్కు పేరు, నంబరు ఉంటే సరిపోదు. మనిషి బొగ్గుబాయిల దిగిండంటే ఫోన్ కలువది. అందుకని ఒక్కో పేరుకు ఒక వెబ్ కాంపోనెంట్, అంటే పేజీల పెట్టుకునే చిన్న ముక్క, తయారుచేసిన. దాంట్ల "బాయిల ఉన్నడు", "బయట ఉన్నడు" అని చూపెట్టేది కంప్యూటెడ్ ప్రాపర్టీ. అది మనం రాసిపెట్టేది కాదు. షిఫ్టు, టైము చూసి అదే లెక్కగట్టుకుంటది. మస్తు మురిసిన.

ఒకనాడు సాయంత్రం నాలుగున్నరకు యూసుఫ్ అన్న ఉరుక్కుంట మెట్లెక్కిండు. మొబైల్ షాపు ఎనుక మెకానిక్ షెడ్డు ఆయనదే. ఆయన భార్య ఫర్జానా అక్క కాన్పుకు దవాఖానల ఉంది.

"చెల్లె, మూడింటి సంది అక్కకు రక్తం బాగ పోతుంది. ఓ నెగెటివ్ ఉన్నోడు శ్రీను ఒక్కడేనంట. నీ పేజీల ఇంక బాయిలనే ఉన్నడని వస్తుందని నర్సమ్మ ఫోనే చేస్తలేదు."

"ఫస్టు షిఫ్టోళ్లు మూడింటికే బాయికెల్లి పైకెక్కిన్రు గదన్న" అనుకుంటనే శ్రీనన్నకు కలిపిన. ఒక్క రింగుకే ఎత్తిండు.

"ఇంట్లనే ఉన్న చెల్లె. ఇగో, వస్తున్న."

నేనూ దవాఖానకు పోయిన. నర్సమ్మ కంప్యూటర్ల నా పేజీ పొద్దటి సంది తెరిచే ఉన్నది, పొద్దటి మాటే చూపెడుతున్నది. కంప్యూటెడ్ ప్రాపర్టీ తనకు అప్పజెప్పిన విలువలు మారితేనే మళ్ల లెక్క చేస్తది, లేకుంటే పాత జవాబే ఇస్తది. షిఫ్టును అప్పజెప్పిన గాని టైమును అప్పజెప్పలే. నేను పరీక్ష చేసినప్పుడల్లా పేజీ కొత్తగ తెరిస్తి, సరిగ్గనే వచ్చె. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

శ్రీనన్న రక్తమిచ్చిండు. అక్క గండం గట్టెక్కింది, ఆడపిల్ల పుట్టింది.

మా నాయిన బాయి మీద దీపాలిచ్చే ల్యాంపురూముల చేసి రిటైరైండు. బాయిల దిగేటోళ్ల నంబరు బిళ్లలు ఆయన చేతుల మీదికెల్లే బోర్డుకెక్కేటివి; బిళ్ల బోర్డు మీదుంటే మనిషి బాయిల ఉన్నట్టు. ఇంటికొచ్చి సంగతి చెప్పిన.

"ఎవరడిగినా బోర్డు దగ్గరికి పోయి, బిళ్ల చూసే చెప్తుంటిమి. పొద్దున చూసింది మాపటికి చెప్తే ఎట్ల బిడ్డా?" అన్నడు.

ఆ వారమే నిమిషం నిమిషానికి టైమును కూడ ప్రాపర్టీగ అందించిన. అప్పటి సంది ఏ పేజీ చేసినా ఒక పూటంత తెరిచిపెట్టి చూడంది ఎవ్వరికీ ఇయ్య.

యూసుఫ్ అన్న ఇంట్ల మాత్రం అక్కను కాపాడింది నేనే అంటరు. ప్రతి రంజాన్‌కు పిలుస్తరు. మొన్న కూడ షీర్ ఖుర్మా ముందట పెట్టుకొని చెప్పిన, "అన్న, గంటన్నర ఆలస్యం చేసింది నా పేజీనే" అని.

"తిను చెల్లె, సల్లారుతది" అన్నడు.