సున్నపురాయి మీద లేని ఆకు

మా సైన్స్ టీచర్ పోయారని నాకు బెల్లంపల్లి బస్సులో తెలిసింది. ముందు సీట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె, "గా రాయాకు టీచరమ్మ లేదా? నిన్న సచ్చిపోయిందట" అంది. రెండో ఆమె కిసుక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో పాపం" అంది. పోయిన మనిషికి ఆ పేరే మిగిలిందా అని నా తల వంగిపోయింది. ఆ పేరు ఎలా వచ్చిందో వాళ్లకు చెప్పాలనుకున్నాను, నోటితో చెప్పడం నాకు చేతకాదు. రాయడమైతే కొంత చేతనవును.

మా కాన్వెంటులో సిస్టర్ అడుగుల చప్పుడు దూరం కాగానే ఇంగ్లీషు వదిలేసి మా మాటలో పాఠం చెప్పేది ఆమె ఒక్కరే. వాళ్లది మెథడిస్టు కుటుంబం. చర్చికి వెళ్లే సంచీలో బైబిలుతో పాటు రాళ్లు కూడా ఉండేవి. మా ఊరి గనుల్లో బొగ్గు పొర మీద దొరికే నల్లటి పలకరాయిని కొంగుతో తుడిచి మా చేతికిచ్చేవారు. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు.

"వేలు పెట్టి చూడుండ్రి. నడుమ ఈనె ఉన్నదా? పక్కల వల తీరు సన్న ఈనెలు ఉన్నయా? ఉంటేనే ఆకు. ముందుగాల చూడాలె, పేరు తర్వాత."

పాతిక కోట్ల ఏళ్లకు వెనకటి కాలం పేరు, పెర్మియన్ అనే మాట, అలా నేర్చుకున్నాం. మన ఇళ్లలో పొయ్యిలోకి వెళ్లేది ఆ కాలపు అడవేనని చెప్తే, ఇంటికి వెళ్లి బొగ్గు వైపు భయంగా చూసేదాన్ని.

గాజు బీరువాలో ఇంకో రాయి ఉండేది. ఆదిలాబాద్ వైపు నుంచి ఎవరో ఇల్లు కట్టడానికి తెచ్చిన సున్నపురాయి బండ పగిలితే, లోపల నల్లగా, సన్నగా, ఫెర్న్ మొక్క పరుచుకున్నట్టు కనిపించిందట. టీచర్ దాన్ని అడిగి తెచ్చుకుని, "పెర్మియన్ కాలపు ఫెర్న్" అని చీటీ అంటించారు. ప్రతి బ్యాచీ ఆ బొమ్మ వేసింది. నేనూ వేశాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఒక భూగర్భ శాస్త్రవేత్త వచ్చారు. మా వైపు ఎర్రమట్టిలో పాత జంతువుల ఎముకలు వెతకడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. ఆ రాయి పక్కన, చూపించే కర్ర చేతికిచ్చి, నన్ను నిలబెట్టారు టీచర్. బట్టీ పట్టిన ఇంగ్లీషు అప్పజెప్పాను. ఆయన జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశారు.

"బాగా చెప్పావమ్మా" అని నాతో అని, టీచర్ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "మేడమ్, ఇది ఆకు కాదు. రాతి పగుల్లోకి మాంగనీసు కలిసిన నీళ్లు దిగితే ఇలా కొమ్మలు కొమ్మలుగా మరక పడుతుంది. ఈ సున్నపురాయి మీ బొగ్గు కన్నా ఎంతో పాతది. అప్పటికి నేల మీద ఆకే పుట్టలేదు."

గొంతు తగ్గించినా అందరికీ వినపడింది. వెనక ఎవరో కిలకిలమన్నారు. టీచర్ రాయి మీదికి వంగి, "ఈనె చూడనే లేదు నేను" అని తనలో తాను అనుకున్నారు. చేతిలోని కర్ర ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

సోమవారానికల్లా రాయాకు టీచర్ అన్న పేరు స్కూలంతా పాకింది. రాయిని తీసేసి ఊరుకోమన్నారు సిస్టర్. టీచర్ ఊరుకోలేదు. ప్రతి క్లాసులో నిలబడి తప్పు చెప్పానన్నారు. తర్వాత, చదువు అయిపోయినవాళ్లను బజారులో, చర్చి బయట ఆపడం మొదలుపెట్టారు. పక్కన నేనుండేదాన్ని, నేల చూపులు చూస్తూ.

"బిడ్డా, ఫెర్న్ అని చూపిచ్చిన రాయి యాదుందా? అది ఆకు గాదు."

"టీచర్, నేను పదోదే ఫెయిలైన. ఇప్పుడు ఆకైతేంది, మరకైతేంది?" అని ఒకామె కూరగాయల సంచీ ఊపుతూ నవ్వింది.

"నువ్వు ఫెయిలైతే అయినవ్ గని, నేను పాస్ గావాలె గద!"

నవ్వుతూనే అన్నారు. ఆమె వెళ్లిపోయాక మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

మా సీనియర్ ఒకామె బోథ్ దగ్గర పల్లెలో పంతులమ్మ అయిందనీ, అలాంటి రాయే ఒకటి బడిలో పెట్టి, ఫెర్న్ అని చెప్తోందనీ తెలిసింది. టీచర్ ముఖం వాడిపోయింది. "గా పిల్లలకు గూడ నా తప్పే పోతున్నది" అన్నారు. నన్నూ తనతో బస్సెక్కించారు. "ఒక్కదాన్నే పోతే నోరు రాదు. నువ్వుండు."

"కార్డు ముక్క రాస్తే అయిపోతుండె గద టీచర్, గింత దూరం అచ్చిండ్రు!" అంది మా సీనియర్, కంగారుగా కుర్చీ తుడుస్తూ.

"రాస్తే నీకు తెలుస్తది. పిల్లల ముంగట నువ్వు తలొంచుకోవాలె. నా తప్పు నువ్వెందుకు మోస్తవ్?"

పిల్లల ముందు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. బడిలోని ఆ రాయిని దగ్గరికి జరుపుకున్నారు. నా ముఖం కాలిపోతోంది. తర్వాత అంతా చెప్పారు, ఒక్క సాకూ కలపకుండా.

ముందు వరసలోని పిల్ల చెయ్యెత్తింది. "మరి నీళ్లకు కొమ్మలు గీసుడు ఎట్ల అచ్చింది టీచర్?"

"నాకు తెల్వది బిడ్డా." ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు. కొంచెం ఆలోచించి, "ఎవలింట్లనన్న తమలపాకులకేసే సున్నం ఉన్నదా?" అన్నారు.

ఆ పిల్ల పరుగెత్తి నాయనమ్మ సున్నపు డబ్బా తెచ్చింది. టీచర్ రెండు పలకల మధ్య సున్నం పెట్టి, నొక్కి విడదీశారు. ముద్దగా అలుక్కుపోయింది. పిల్లలు ఘొల్లుమన్నారు. "జర ఆగుండ్రి, అప్పుడే నవ్వుతుండ్రు" అని నీళ్లు కలిపి పలచన చేసి, ఈసారి మెల్లగా లాగారు. రెండు పలకల మీదా తెల్లటి కొమ్మలు, కొమ్మల్లోంచి రెమ్మలు.

"గిట్ల గూడ కొమ్మలు అస్తయ్. రాయిల గిట్లనే అయిందని మాత్రం నేను అంటలేను" అన్నారు. ఆ మాట రెండుసార్లు చెప్పారు.

పిల్లలంతా పలకలతో మీద పడ్డారు. చేతులు మండుతాయని సున్నం ఎవరినీ తాకనివ్వకుండా, అందరి పలకలూ తనే అద్ది, గోడ వెంట వరసగా ఎండలో పెట్టారు. కొంగు నడుముకు దోపుకుని, ఒక్కో పలక ముందు వంగి, దేనికీ పేరు పెట్టకుండా చూస్తూ నడిచారు. ఆరేకొద్దీ ఒక్కో కొమ్మా ఇంకా తెల్లబడుతోంది.