ఆయిల్ ఫుల్లుగానే ఉందండీ

దివిసీమలో దిగేసరికి వాన తగ్గింది, నీళ్లు తగ్గలేదు. వరద సహాయానికి మా సైనిక దళాన్ని పంపారు. మోకాలి బూట్లు, తాళ్లు, ఒక రేడియో సెట్. దళంలో మిగతావాళ్లకి తెలుగు రాదు, మాది గుడివాడ కాబట్టి దుబాసీ పని నాది. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని మురిసిపోయాను. ఆ మురిపెం మధ్యాహ్నం దాకానే.

మెరక మీద ఉన్న చర్చి ఒక్కటే మునగలేదు. వరండాలో బల్ల మీద ఒక ఆటోడ్రైవరు పడుకుని ఉన్నాడు. కట్లపాము కరిచింది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. బందరు ఆసుపత్రికి చేర్చాలి. రోడ్డు తెగింది, ఆ వడిలో పడవ నిలవదు. హెలికాప్టర్ అడిగాం.

సెట్ దగ్గరి ఆపరేటర్ జవాబు చెప్పాడు. "గడ్డి కొట్టి నేల చూపిస్తేనే దిగుతారట. చీకటి పడితే రారు."

చర్చి ఆవరణలో గడ్డి మోకాలెత్తు. ఊళ్లోవాళ్లు కొడవళ్లతో దిగారు గానీ, ఒట్టి కొడవళ్లతో చీకటిలోపు తెమిలే పని కాదు. చర్చికి గడ్డి కోసే మిషన్ ఉంది. తాడు లాగాం. ఉలుకూ పలుకూ లేదు.

మా మెకానిక్ హవల్దారు దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఆయిల్ ఉందేమో అడుగు," అన్నాడు హిందీలో. పాస్టరు గారిని అడిగాను. ఊళ్లో ఆయన్ని అందరూ అయ్యగారంటారు.

"ఫుల్లుగానే ఉందండీ. పొద్దున నేనే పోశాను."

హవల్దారు ప్లగ్గు విప్పి తుడిచాడు. నిప్పురవ్వ రాలేదు. వైర్లన్నీ చూశాడు. రాలేదు. ఒక్క తిట్టు తిట్టలేదు. నేనైతే దాన్ని కాలవలో పడేసేవాణ్ణి. వెనక డ్రైవరు భార్య "నిద్రపోమాకు బావా" అంటూనే ఉంది.

అయ్యగారు ఉండబట్టలేక, "ఇంకా కావాలంటే నా బండి ట్యాంకులో ఉందండీ ఆయిల్. పొద్దున కూడా అందులోంచే తీశా," అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు పెట్రోలునూ ఆయిలే అంటాం. హవల్దారు అడిగింది ఇంజన్ ఆయిల్. చెప్పగానే ఇంజన్‌లో ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు. పొడిగా ఉంది. ఆయిల్ లేకపోతే ఆ మిషన్ నిప్పురవ్వే రానివ్వదట.

కొట్లన్నీ నీళ్లలో ఉన్నాయి. అయ్యగారు తన మోటార్ సైకిల్ ఇంజన్ కింద సత్తుగిన్నె పెట్టి, "ఇందులో ఆయిల్ దింపేయమనండి," అన్నారు. ఊరూరా తిరగడానికి ఆయనకున్నది ఆ బండి ఒక్కటే. సెల్యూట్ కొట్టాలనిపించింది.

ఆ నల్లటి ఆయిల్ పోశాక, రెండో లాగుకి ఇంజన్ అందుకుంది. ముందు కొడవళ్లు, వెనక హవల్దారు. ఆ మనిషి వరస తప్పలేదు, తల ఎత్తలేదు. వెలుతురు ఉండగానే నేల కనబడింది.

హెలికాప్టర్ చప్పుడు వినపడేసరికి డ్రైవరు రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి. భార్య వంగి, బొటనవేలితో ఒక రెప్ప పైకెత్తి పట్టుకుంది.

"చూడు బావా. నీ కోసమే వచ్చింది."

లోపల కన్ను కదిలింది.

నీళ్లు తీశాక మేం వెనక్కి బయల్దేరాం. అప్పటికే అతను బతికాడని బందరు నుంచి కబురొచ్చింది. ఇప్పుడు రిటైరై గుడివాడలోనే ఉంటున్నాను. పెట్రోలు బంకులో ఎవరైనా "ఆయిల్ కొట్టు బాబూ" అంటే చాలు, ఆ బొటనవేలు, దాని కింద ఆ కన్ను కనబడతాయి.