అక్క కేసెట్టులో నా గొంతు

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికీ కంప్యూటర్ ఉన్న ఇల్లు ఒక్కటే, పక్కింటి అక్క వాళ్ళది. కంప్యూటర్ అనగానే ఇప్పటి పిల్లలు ఏదేదో ఊహించుకుంటారు. అబ్బే, అంత సీను లేదు. మస్కట్‌లో పనిచేసే అక్క మేనమామ, అక్కడెవరో వాడి పక్కన పడేసినది తెచ్చి ఇచ్చాడు. చూడ్డానికి ఒట్టి మీటల పలక. దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు కనబడేవి. కరెంటు పోతే అందులో రాసినదంతా తుడిచిపెట్టుకుపోయేది, మా కోనసీమలో కరెంటు పోని రోజంటూ ఉండేది కాదు. అందుకని రాసిన ప్రోగ్రాం అంతా మామూలు పాటల కేసెట్టులోకి రికార్డు చేసుకోవాలి. కావలసినప్పుడు టేపురికార్డరుకి తీగ తగిలించి, ఆ కేసెట్టు మళ్ళీ దానికి వినిపించాలి.

వినిపించడం అన్నాను కదా అని పాటనుకునేరు. కీచుకీచుమని, గరగరమని ఐదారు నిమిషాలు ఒకటే గోల. "ఏమర్రా, పిల్లి తోక తొక్కారా ఏంటి?" అని అరుగుల మీంచి ఆడవాళ్ళు కేకలేసేవారు. ఆ గోలంతా సవ్యంగా అయితే టీవీ మీద అక్క రాసుకున్నది తిరిగి వచ్చేది. వాల్యూము రవ్వంత ఎక్కువైనా తక్కువైనా యంత్రం మొరాయించేది. సరిగ్గా ఎక్కడ ఉంచాలో గుర్తుకోసం అక్క తన బొట్టుబిళ్ళ తీసి టేపురికార్డరుకి అంటించింది. ఆ టేపురికార్డరు మాదే. వాళ్ళకి లేదు. దాన్ని మోసుకెళ్ళడం, బొట్టుబిళ్ళ దగ్గరకి వాల్యూము తిప్పడం, పని అయ్యాక కేసెట్టుతో సహా తిరిగి మా ఇంటికి తెచ్చుకోవడం నా ఉద్యోగం. నాకప్పటికి పదేళ్ళు. అబ్బో, ఎంత పొగరుగా తిరిగేదాన్నో!

మా తాతయ్య పంచాంగం గణించేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో పెళ్ళి ముహూర్తం కావాలన్నా మా అరుగు ఎక్కాల్సిందే. ఏడాదిలో నాలుగు నెలలు పలకా బలపం పట్టుకుని, తిథులూ నక్షత్రాలూ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో గడియలతో సహా లెక్కకట్టేవాడు. అది రాజమండ్రిలో అచ్చయి ఊరూరా వెళ్ళేది. సిద్ధాంతిగారి లెక్క తప్పడమా, గోదారి వెనక్కి పారడమా అనేవారు జనం. ఆ మాట ఎవరన్నా మా తాతయ్య వద్దనేవాడు కాదు. మీసాల కింద చిన్నగా నవ్వుకునేవాడు.

పక్కింటి అక్క లెక్కల్లో డిగ్రీ చేసి ఇంట్లో ఉంది. విశాఖపట్నంలో ఏడాది కంప్యూటర్ కోర్సు చదవాలని దాని ఆశ. ఆశ అంటే మామూలు ఆశ కాదు, అన్నం ముందు కూర్చుని కూడా వేలితో కంచంలో ఏవో అంకెలు రాసేది. వాళ్ళ నాన్నగారు బడిపంతులు. మంచాయనే, కానీ మా తాతయ్యని అడగందే గుమ్మానికి రంగు కూడా వేయించడు. "సిద్ధాంతిగారు ఊఁ అంటే పంపుతాను" అని ఒకే మాట. మా తాతయ్య కాసేపు ఆలోచించి, "నేను చేసే గణితం నీ పెట్టె చేత చేయించమ్మా. ఒక్క నెల తిథులు నావీ దానివీ సరిపోయాయంటే, మీ నాన్నకి నేనే చెబుతాను" అన్నాడు.

ఆ మాట అనడమే కాదు, విద్య కూడా తనే నేర్పాడు. అది నేను దాచను. రోజూ పొద్దున్నే అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన తండ్రి తనకి చెప్పినట్టే, ఒక్కో మెట్టూ చెప్పాడు. ఆడపిల్లకి ఈ లెక్కలెందుకండీ అన్నవాళ్ళని కసిరాడు కూడా. నాలుగు నెలలు పట్టింది. అక్క ప్రోగ్రాం పూర్తిచేసి కేసెట్టులో ఒకసారికి రెండుసార్లు రికార్డు చేసుకుంది, ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని. రెండూ ఒకే కేసెట్టులో ఒకే పక్క! ఎంత తెలివైనదానికైనా ఏదో ఒకచోట దేవుడు కళ్ళు మూస్తాడు. పైగా కేసెట్టు వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేసి, "చూడవే, ఇది విరిచేస్తే ఇంక దీనిమీద ఎవరూ ఇంకోటి రికార్డు చెయ్యలేరు" అని నాకు చూపించి మరీ మురిసిపోయింది. ఆ కంతలో కాగితం కుక్కితే రికార్డు అవుతుందని మా బడిలో ప్రతి పిల్లకీ తెలుసు. అక్కకీ తెలిసే ఉంటుంది. పరాయివాళ్ళ చేతిలో పడితే కదా అనుకుని ఉంటుంది, పాపం.

కార్తీకమాసంలో ఒక రోజు పొద్దున అక్క మా అరుగు మీదకి వచ్చింది. చేతిలో చిన్న కాగితం. "తాతగారూ, రాబోయే వైశాఖంలో బహుళ తదియ దగ్గర మీకూ నాకూ తేడా వస్తోందండి. మీరు పద్దెనిమిది గడియలదాకా వేశారు, నాకు పద్నాలుగే వస్తోంది. తప్పు నాదే అయ్యుంటుందండి, ఒక్కసారి చూస్తారా?" అంది. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు, సూర్యోదయం నుంచి లెక్క. నాలుగు గడియలంటే గంటన్నర పైమాటే. తాతయ్య ఆ కాగితం అందుకుని, "చూద్దాంలే అమ్మా. శుక్రవారం మీ నాన్న ముందర చూపిస్తావుగా, అప్పుడు తేల్చుకుందాం" అన్నాడు.

ఆ రోజు తాతయ్య భోజనానికి లేవలేదు. పలక మీద వెయ్యడం, చెరపడం, మళ్ళీ వెయ్యడం. అమ్మ రెండుసార్లు పిలిచి, కంచం మీద మూత పెట్టేసింది. ఆ తదియ రోజే, పదహారో గడియకి, పక్క ఊరి పెద్ద రైతు ఇంట్లో పెళ్ళికి తాతయ్య అప్పటికే ముహూర్తం పెట్టి ఉన్నాడు. అక్క లెక్కే నిజమైతే ఆ వేళకి తదియ అయిపోయి చవితి వచ్చేస్తుంది. చవితిలో పెళ్ళేమిటి? ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నాకు తెలిసిందల్లా తాతయ్య అన్నం తినలేదని, మర్నాడు మొదటి బస్సుకే రాజమండ్రి అచ్చాఫీసుకి వెళ్ళాడని. సాయంత్రం వచ్చేటప్పుడు రావులపాలెంలో దిగి నాకోసం పూతరేకులు తెచ్చాడు.

పూతరేకు నోట్లో కరుగుతుండగా అడిగాడు, "నీ గొంతు టేపులో వినాలని సరదా అన్నావు కదుటే బంగారుతల్లీ? ఇవాళ రికార్డు చేద్దామా?" అని. అన్నానా! ఎన్ని నెలలనుంచి కాళ్ళావేళ్ళా పడుతున్నానో. పాడైపోతుందని ఒక్కరూ కేసెట్టు ఇవ్వలేదు. తాతయ్య టేపురికార్డరులో ఉన్న అక్క కేసెట్టు మీదే రికార్డు మీట నొక్కబోతే అది దిగలేదు. "ఇదేంటే, దిగదు?" అన్నాడు. నాకు తెలుసు కదా, తెలిసినది చెప్పకపోతే నాకు ఒళ్ళు ఊరుకోదు. "పలుకు విరిచేశారు తాతయ్యా, కాగితం కుక్కితే దిగుతుంది" అన్నాను. "నీకు వచ్చా?" అన్నాడు, ఎంత ఆశ్చర్యంగానో. "కానీ ఇది అక్కది కదా" అన్నాను నేను. అన్నాను, ఒట్టు. "అక్కకి ఇంకోటి ఉందిలే, నేను చెబుతాగా" అన్నాడు.

కాగితం మడిచి కుక్కినది నేనే. ఈ చేతులతోనే. మంగళహారతి పాడాను. "ఇంకా" అన్నాడు. సరళీ స్వరాలు పాడాను. "ఇంకా, ఇంకా" అన్నాడు. ఎక్కాలు చెప్పాను, ప్రభవ విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లూ చెప్పాను, గొంతు బొంగురుపోయినా చెప్పించాడు. ఆ పక్క మొత్తం నిండి మీట టక్కున లేచేదాకా ఆపనివ్వలేదు. మా తాతయ్యకి నేనంటే ఎంత ప్రాణమో అనుకున్నాను. వెర్రిమొహాన్ని!

శుక్రవారం పొద్దున్న అక్క వాళ్ళ ముందుగదిలో కుర్చీలు వేశారు. పంతులుగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అక్క జడ బిగించి వేసుకుని, చేతులు చీరకి తుడుచుకుంటూ టీవీ పెట్టి, టేపు నొక్కింది. కీచు రాలేదు. నేను వచ్చాను. హాయిగా, రాగం తీస్తూ, మంగళహారతి పాడుతూ.

ముందు అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, వేరే కేసెట్టు అనుకుని. తర్వాత ముందుకి తిప్పింది. స్వరాలు. ఇంకా ముందుకి తిప్పింది. పన్నెండో ఎక్కం. కేసెట్టు బయటికి తీసి తిప్పి చూసింది, కంతలో కాగితం మడత కనబడింది. అప్పుడు తలెత్తి నా వంక చూసింది.

నేను నోరు తెరిచేలోపే తాతయ్య నన్ను దగ్గరకి లాక్కుని తలమీద చెయ్యి వేశాడు. "చిన్నపిల్లమ్మా. పాట మీద సరదాకొద్దీ, తెలియక చేసింది. దాన్నేమీ అనకండి" అన్నాడు. చేయించినవాడే నన్ను క్షమించాడు! ఇంకా సిగ్గుచేటు చెప్పనా? నాకు హమ్మయ్య అనిపించింది. దెబ్బలు తప్పాయి, పెద్దాయన వెనకేసుకొచ్చాడు. నోరు మూసుకుని ఆ చేతి కిందే నిలబడ్డాను.

"నెలరోజులు ఆగండి నాన్నా, మళ్ళీ రాసేస్తాను. అంతా బుర్రలో ఉంది" అంది అక్క. పంతులుగారు తలడ్డంగా ఊపారు. "దరఖాస్తుకి సోమవారం ఆఖరు. అయినా, పసిపిల్ల పాటకి చెరిగిపోయే చదువు కోసం నిన్ను అంత దూరం పంపనా అమ్మా?" అన్నారు. అని మా తాతయ్య వంక చూశారు. తాతయ్య ఒక్క మాట అంటే చాలు, అక్క దరఖాస్తు సోమవారానికి విశాఖలో ఉండేది. తాతయ్య ఉత్తరీయం సర్దుకుని, "నాన్న మాట వినమ్మా" అని లేచాడు.

సంక్రాంతి ముందు, రాబోయే ఉగాదికి కొత్త పంచాంగం అచ్చయి వచ్చింది. కట్ట విప్పగానే వైశాఖం పేజీ తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. తదియ, పద్నాలుగు గడియలు. అక్క చెప్పిన లెక్కే. ఆ రైతు ఇంట్లో పెళ్ళి కూడా తర్వాత పొద్దుటి ముహూర్తానికే జరిగింది. ఇంకా బలమైన లగ్నం దొరికిందని తాతయ్య వాళ్ళకి కబురుపెట్టాడట. సిద్ధాంతిగారిది ఎంత శ్రద్ధండీ, పెట్టిన ముహూర్తం కూడా మళ్ళీ చూస్తారు అని జనం చెప్పుకున్నారు. పంచాంగం వచ్చిన రోజే నేను ఆ పేజీ మూసేసి, దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను. పదేళ్ళ పిల్లకైనా ఆ మాత్రం లెక్క వస్తుంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. తాతయ్య బతికుండగా చెప్పలేదు. ఆయన పోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చాను, ఆ ప్రేమ అబద్ధం కాదు. అదే నా ఖర్మ. ఒక చేత్తో విద్య పెట్టి, ఇంకో చేత్తో తీసేసుకున్న మనిషిని సరిగ్గా తిట్టుకోనూ లేను, సరిగ్గా దండం పెట్టుకోనూ లేను. అక్క విశాఖ వెళ్ళలేదు. ఆ మీటల పలక అటక ఎక్కింది. ఊళ్ళోనే పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయింది, ఇప్పటికీ చెబుతోంది. దాని దగ్గర చదివిన పిల్లలు కంప్యూటర్లు చదివి ఎక్కడెక్కడో ఉన్నారు.

నాకు నలభై దాటాక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళి, పిల్లలు వెళ్ళేదాకా ఆగి, చెప్పేశాను. "తాతయ్యే చేయించాడక్కా" అన్నాను. అక్క ఎర్రసిరా కలం మూత పెట్టి, "తెలుసే" అంది. "కాగితం మడత చూసినప్పుడే తెలిసింది. అరగంట కూర్చుని నీ చేత ఎక్కాలు చెప్పించే ఓపిక ఆ ఇంట్లో ఇంకెవరికి ఉందే? అందుకే నీ వంక చూశాను, నువ్వు చెబుతావేమోనని. నేను చెబితే పెద్దాయన మీద నింద వేశానంటారు. నువ్వు చెబితే నమ్మేవారు."

అన్నేళ్ళూ ఆ చూపు నన్ను తిట్టిందనుకున్నాను. అది నన్ను సాక్ష్యం అడిగింది. గదిలో అంతమంది పెద్దవాళ్ళుండగా, అక్క నమ్మింది పదేళ్ళ నన్ను. ఆ నమ్మకానికి నేనివ్వాల్సిన జవాబు ఇప్పటికీ నా గొంతులోనే ఉంది, ఎవరికీ పనికిరాకుండా.