అడిస్ అబాబా రిహార్సల్

మా పెదనాన్న భావనారాయణ గారు రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయరు. విజయనగరంలో ముప్ఫై నాలుగేళ్ళు మృదంగం పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి కచేరీకి రిహార్సల్ కావాలంటే అర్థం చేసుకోవచ్చు. ఆయన పన్ను పీకించుకోవడానికి కూడా ముందురోజే వెళ్ళి, డాక్టరు కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, మూసి, "రేపు ఇదే వరసలో కానిద్దాం" అని లేచి వచ్చేశారు. రిటైరైనప్పుడు సభలో శాలువా కప్పుతారని ముందే తెలిసిపోయింది. ఇంకేముంది, ఆశ్చర్యపోవడం ఎలాగో వారం రోజులు సాధన చేశారు. శాలువాకి బదులు తువ్వాలు కప్పుతూ కూర్చున్నది ఆయన భార్య, మా దొడ్డమ్మ లక్ష్మీకామేశ్వరి. తీరా సభలో ఆశ్చర్యం కాస్త ఎక్కువై కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. "అందుకే కుర్చీతో కూడా రిహార్సల్ చెయ్యాలనేది" అన్నారు లేస్తూ.

అలాంటి మనిషికి రెండువేల ఇరవై అయిదులో విదేశీ ప్రయాణం తగిలింది.

దొడ్డమ్మ మేనల్లుడు కామేష్ ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో యూనివర్సిటీ లెక్చరరు. మార్చిలో మూడు రోజులు సెలవుంది, మీ ముగ్గురూ వస్తే ఊరు చూపిస్తానన్నాడు. మూడో మనిషి భారతత్త. పెదనాన్నకి అక్క, నాకు మేనత్త. జాగ్రఫీ టీచరుగా రిటైరై తమ్ముడి దగ్గరే ఉంటోంది. డెబ్భై ఆరేళ్ళు. ముగ్గురికీ పాస్‌పోర్టులు వచ్చాక ఆవిడ "నాకెందుకర్రా అంత దూరం, మీరిద్దరూ వెళ్ళి రండి" అనేసింది. పెద్దవాళ్ళు అలాగే అంటారులే అని నేనూ ఊరుకున్నాను.

నేను రాజాంలో ఓ కాలేజీలో పని చేస్తాను. ఆదివారాలు పెదనాన్న ఇంటికి భోజనానికి వెళ్తుంటాను. ఓ ఆదివారం వెళ్ళేసరికి కామేష్ ఫోన్లో ఉన్నాడు.

"మావయ్యా, మొదటి రోజు కారు రెండింటికి వస్తుంది."

"మరి పొద్దుటంతా ఏం చెయ్యడం?"

"వచ్చేది పొద్దున్నే. ఇక్కడివాళ్ళు తెల్లారినప్పట్నించి గంటలు లెక్కపెడతారు. వాళ్ళ రెండంటే మన లెక్కలో ఎనిమిది."

"అంటే మనకంటే ఆరు గంటలు వెనకా?"

"కాదు, రెండున్నర గంటలే వెనక. ఆ ఆరూ వాళ్ళు చెప్పే పద్ధతిలో తేడా."

పెదనాన్న నా వైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"పోనీ తారీఖైనా మందేనా?"

"అదీ వేరే. ఇక్కడింకా రెండువేల పదిహేడు నడుస్తోంది. నెలలు పదమూడు."

ఫోన్ పెట్టేశాక ఆయన పాస్‌పోర్టు తీసి చాలాసేపు తిరగేశారు. "ఒరే హరీ, ఇది ఇరవై నాలుగులో ఇచ్చేరు. అక్కడింకా పదిహేడు. ఏడేళ్ళ తరవాత పుట్టబోయే పాస్‌పోర్టుని ఆఫీసరు ఒప్పుకుంటాడంటావా?"

"ఎయిర్‌పోర్టులో మన తారీఖులే చూస్తారు పెదనాన్నా."

"చూడకపోతే?"

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆయన దగ్గర ఉంది. "రిహార్సల్ చెయ్యాలి" అన్నారు.

ప్రయాణానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు ముహూర్తం పెట్టారు. మూడు గళ్ళ కాగితం ఒకటి తయారైంది. మన టైము ఒక గడి, అక్కడి టైము మన లెక్కలో ఒక గడి, అక్కడి టైము వాళ్ళ లెక్కలో ఒక గడి. ఏ గడి ఏదో కింద రాశారు గానీ ఆ రాసింది ఏ గడి గురించో నాకు చివరిదాకా తెలియలేదు. రెండు చేతులకీ వాచీలు పెట్టుకుని, స్వెట్టరు తొడుక్కుని, ఎనిమిదింటికల్లా పెదనాన్న వరండాలో నిలబడ్డారు. రావలసిన ఆటో రాలేదు. సందు చివర ఆటో తోలే గోపికి ఫోన్ చేశారు.

"రెండింటికి రమ్మన్నారు గదండి మాస్టారూ. ఇప్పుడెనిమిదే అయినాది."

"ఎనిమిదే రెండురా."

"ఏటండి?"

"తెల్లారినప్పట్నించి లెక్కపెట్టుకో."

"తెల్లారినకాడ్నించీ బేరాల మీదున్నానండి, లెక్కెట్టే తీరిక నేదు. రెండింటికి వస్తాను."

అన్నట్టే మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. ఈలోగా వరండాని ఎయిర్‌పోర్టు చేసి, నన్ను ఆఫీసర్ని చేశారు. దొడ్డమ్మ బ్యాగుతో నా ముందు నిలబడింది.

"ఎందుకొచ్చేరు?" అన్నాను గంభీరంగా.

"మా మేనల్లుడు రమ్మన్నాడు నాయనా. నువ్వు భోంచేసేవా?"

"ఆఫీసర్ని భోజనం సంగతి అడక్కూడదు కామేశ్వరీ. మళ్ళీ" అన్నారు పెదనాన్న.

ఆమె వెనకాల పట్టుచీర కట్టుకుని, చేతికర్రతో భారతత్త వచ్చింది. నేను తెల్లబోయాను. "అత్త వెళ్ళడం లేదుగా, పెదనాన్నా?"

"అక్కడ మాతో కామేష్ ఉంటాడు కదరా. కార్లో ఓ మనిషి తక్కువైతే లెక్క తప్పదూ? అక్కది కామేష్ వేషం."

"ఈ వయసులో నాకీ మగవేషం ఏవిటర్రా" అంటూనే అత్త అందరికంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది. ఆవిడ సరదాకి గడప దాటి రెండేళ్ళైంది.

కాగితం ప్రకారం మొదట చూడాల్సింది ఎంటోటో కొండ. పొద్దున్నపూట అక్కడ చలిట. మేము రామతీర్థం వైపు ఓ గుట్టకి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. అయినా పెదనాన్న అక్క తలకి జాగ్రత్తగా మఫ్లరు చుట్టారు.

"పెద్దమ్మకి ఎండలో ఆ మఫ్లరేటి మాస్టారూ?" అన్నాడు గోపి.

"ఇది రెండువేల మీటర్ల పైమాటరా."

"నా ఆటోకి మీటరే నేదండి."

గుట్ట మీద నీలగిరి తోట ఉంది. "అక్కడా ఇవే చెట్లుట అక్కా. ఊరు ఆ కింద, ఇలాగే గిన్నెలో పెట్టినట్టు కనిపిస్తుందిట" అని పెదనాన్న చెయ్యి చాపి చూపిస్తున్నారు. నాకు మళ్ళీ అయోమయం. ఊరు చూపించాల్సింది కామేష్, చూడాల్సింది పెదనాన్న. ఇక్కడ పెదనాన్న చెప్తున్నారు, కామేష్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

"కామేష్‌కి ఊరంతా తెలుసు కదా, మీరు చెప్పడం ఏవిటి?" అన్నాను.

"వాడు మర్చిపోతే?" అన్నారు.

తరవాత మ్యూజియం. అక్కడి మ్యూజియంలో ముప్ఫై లక్షల ఏళ్ళ నాటి ఆడమనిషి ఎముకలున్నాయి, పేరు లూసీ. దాని బదులు ఊళ్ళో జగన్నాధం గారి కోచింగ్ సెంటర్లో పిల్లలకి పాఠం చెప్పే ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని మాట్లాడి ఉంచారు. దాన్ని చూడగానే దొడ్డమ్మ రెండు చేతులూ జోడించింది. "అంత పెద్దావిణ్ణి పేరెట్టి పిలవడం ఏవిటండీ" అని కూడా అంది. భారతత్త మాత్రం దాని మోకాలి చిప్ప కేసి చూసి, "ఈవిడకి అరగలేదు, అదృష్టవంతురాలు" అంది.

ఇంటికొచ్చి ఆఖర్న భోజనం. అక్కడివాళ్ళు పులిసిన పిండితో తట్టంత అట్టు వేసి, దాని మీదే కూరలు వడ్డించుకుంటారట. దొడ్డమ్మ మూడు రోజులు పులియబెట్టిన పిండితో అలాంటిదే వేసింది. ముద్ద చేసి పక్కవాళ్ళ నోట్లో పెట్టడం ఆ దేశపు మర్యాదట. పెదనాన్న ముద్ద చేసి అక్క నోటికి అందించారు. ఒకటి కాదు, అరడజను. అడ్డుపడదామనుకున్నాను గానీ, అత్త నవ్వుతూ నములుతోంది. ఆఫీసర్నైన నేను ఆకలితో కూర్చుని చూస్తున్నాను.

ఎనిమిది రోజుల తరవాత పెదనాన్న, దొడ్డమ్మ విమానం ఎక్కారు. మూడు రోజులు ఉన్నారు, తిరిగొచ్చారు. ఆ వచ్చిన ఆదివారం నేను వంటింట్లోకి వెళ్ళి, "కాగితం ప్రకారం జరిగిందా దొడ్డమ్మా?" అని అడిగాను.

"ఏ కాగితంరా? అది ఇక్కడే వదిలేసేరు. అక్కడ కామేష్ ఎటు తీసికెళ్తే అటు పోయేం. మ్యూజియం మొదటి రోజే, కొండ అసలు చూడనే లేదు, వాన. మీ పెదనాన్న ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు."

"రిహార్సల్ లేకుండా గ్లాసుడు నీళ్ళు తాగని మనిషి. మరి ఆ హంగామా అంతా ఎందుకు?"

దొడ్డమ్మ స్టవ్ చిన్నది చేసి, గొంతు కూడా తగ్గించింది. "పాస్‌పోర్టు వచ్చేక మీ అత్తని గుండె డాక్టరుకి చూపించేం. విమానం ఎక్కొద్దన్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఆఫ్రికా పటం గీయించిన మనిషి కదరా. పైకి మాత్రం నాకెందుకర్రా అంది. మేవూ మానేస్తావంటే ఒప్పుకోలేదు. మీ పెదనాన్న మూడు రోజులు మృదంగం ముట్టుకోలేదు. నాలుగో రోజు పొద్దున్నే లేచి, ఆటోకి ఏ గుట్ట ఎక్కుతుందో గోపీతో వెళ్ళి చూసొచ్చేరు."

నేను ముందుగదిలోకి వచ్చాను.

అక్కడ ఎదురింట్లో కొత్తగా దిగిన రమేష్‌బాబు గారు కూర్చుని ఉన్నారు. ఊరెలా ఉందని అడిగినట్టున్నారు. పెదనాన్న ఉత్సాహంగా చెప్తున్నారు. "ముందు మ్యూజియం చూసేం, తరవాత..."

"కాదురా" అంది భారతత్త పడక్కుర్చీలోంచి. "ముందు కొండ. నీలగిరి చెట్లూ, చలీ. ఆ తరవాత మ్యూజియం."

పెదనాన్న నా వైపు చూడలేదు. "అవునక్కా, కొండే ముందు" అన్నారు.

"అట్టు చాలా పులుపండీ. తినగా తినగా బాగుంటుంది" అని అత్త రమేష్‌బాబు గారికి చెప్పింది.

ఆయన మర్యాదగా ముందుకి వంగి, "మీరూ వీళ్ళతో వెళ్ళేరాండీ?" అని అడిగారు.

"లేదు బాబూ" అంది అత్త తాపీగా. "నేను వీళ్ళకంటే ఎనిమిది రోజులు ముందే వెళ్ళొచ్చేను."