బాషా మామ పిడికిలి

ప్రొద్దుటూరు అమీర్ బాషా మామకు మూసి ఉన్న వస్తువు మీద నమ్మకం లేదు. తుపాకి కావచ్చు, టిఫిన్ డబ్బా కావచ్చు, గొడుగు కావచ్చు, మూసి కనబడితే చాలు, "తెరిచి చూపించప్పా" అంటాడు. చూపించి మళ్ళీ మూస్తే మళ్ళీ అడుగుతాడు. ఇందాకే చూశావు కదా మామా అంటే, "ఇందాక చూసింది ఇందాకటిది. ఇప్పుడు మూసింది ఇప్పటిది" అంటాడు.

ఆయనది లైసెన్సు తుపాకులు బాగుచేసే అంగడి. నలభై ఏళ్లుగా అదే పని. అడవి పందుల బెడదకు పంట కాపలా కోసం తుపాకి పెట్టుకున్న రైతులంతా ఆయన దగ్గరికే పోతారు. నా పేరు జయచంద్ర, మాది సింహాద్రిపురం దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట. అందరూ మామా అంటారు కాబట్టి నేనూ మామా అంటాను. అందరూ ఆయన్ను చూసి నవ్వుతారు కాబట్టి నేనూ నవ్వాను. ఊహూఁ, ఇది అబద్ధం. అందరికంటే ముందు నేనే నవ్వాను, మిగతావాళ్లను నవ్వించింది కూడా నేనే. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆయన భార్య ఖమ్రున్నీసమ్మ వంటింట్లో ఒక్క డబ్బాకు మూత ఉండదు. చక్కెర, ఉప్పు, కారం, చింతపండు అన్నీ నోళ్లు తెరుచుకుని పైకి చూస్తుంటాయి.

"నా పెండ్లికి మా అమ్మ ఇరవై డబ్బాలిచ్చింది నాయనా. మూతలన్నీ అటక మీద ఉండాయి. చీమలు మాత్రం ఈయన్ను శానా మెచ్చుకుంటాయి. ఈ ఇంట్లో మూత పడేది నా నోటికొక్కదానికే" అని ఆవిడ అరగంట సేపు ఆపకుండా చెప్పింది.

ఒకసారి ఆవిడకు ముక్కుపుడక కొనాలని మామ బజారులో గురుమూర్తి శెట్టి నగల అంగడికి పోయాడు. శెట్టి పుడకను ఎర్ర డబ్బీలో పెట్టి, టక్కున మూసి, చేతికిచ్చాడు.

"తెరిచి చూపించప్పా."

"నీ కండ్ల ముందరే పెడితి గదా మామా."

"పెట్టింది చూసినా. మూసినాక చూల్యా."

శెట్టి తెరిచాడు, మామ చూశాడు. శెట్టి అలవాటు కొద్దీ మళ్ళీ మూశాడు. ఇలా ఐదుసార్లు జరిగాక శెట్టికి చెమటలు పట్టాయి. చివరికి మామ తెరిచిన డబ్బీని అరచేతిలో పెట్టుకుని, జనం మధ్య, ఆటోల మధ్య, ఎండలో మెరుస్తున్న పుడకతో ఇంటి దాకా నడిచాడు. పుడక దొంగల పాలవుతుందేమోనని శెట్టి అంగడి మనిషిని వెంట పంపాడు. తెరిచి ఉన్న డబ్బీలో విలువైనది ఉంటుందని ఏ దొంగకూ తట్టలేదు.

ఈ కథను నేను పులివెందులలో టీ అంగడి దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అగ్గిపెట్టె ఒకటి చేతిలో పట్టుకుని, ఆయనలాగే తల ఓ పక్కకు వంచి, గొంతు బొంగురు చేసి "తెరిచి చూపించప్పా" అనేవాణ్ణి. జనం టీ ఒలకబోసుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వులకు నేను బాగా రుచి మరిగాను.

ఇక నా తుపాకి సంగతి. మా నాయన నాటి పాయింట్ టూటూ రైఫిల్ అది. ఒక తూటా పేలగానే ఇంకొకటి తనంతట తానే ఎక్కి కూర్చునే రకం. దానికి ఒక లోపం ఉంది. ఆఖరి తూటా పేలాక కూడా బోల్టు, అంటే తూటా గది తలుపు, టక్కున మూసుకుపోతుంది. లోపల ఒకటి ఉందో, ఏమీ లేదో పైకి తెలియదు. తూటాలు పెట్టే మ్యాగజైనులో స్ప్రింగు వదులైతే మార్పించుకుందామని తీసుకుపోతే, మామ దాన్ని చూసి జబ్బుమనిషిని చూసినట్టు ముఖం పెట్టాడు.

"దీనికి బోల్టు తెరుచుకొని నిలబడే ఏర్పాటు చెయ్యల్ల. మూడు రకాలుండాయి. ఒకటి, తూటాలైపోతానే తనంతట తానే తెరుచుకొని నిలబడేది. అది మతిమరుపోళ్లకు. రెండు, పక్కన చిన్న కొక్కెం, మనమే వేలితో నొక్కి నిలబెట్టుకునేది. అది బుద్ధి ఉండేవాళ్లకు."

"మూడోది?"

"ఎర్ర రంగేసిన చెక్క ముక్క. బోల్టు మూసుకోకుండా ఇరికించి పెట్టేది. అది చెప్పిన మాట ఇననోళ్లకు."

దీని మీద రెండు గంటలు మాట్లాడాడు. మూడుసార్లు టీ వచ్చింది. నాకు విసుగొచ్చి, "మా నాయన తుపాకికి కొక్కేలూ చెక్కలూ ఏంది మామా? మ్యాగజైను పెరికితే ఖాళీనే గదా" అన్నాను.

"కాదప్పా" అన్నాడు. నేను స్ప్రింగు మార్పించుకుని వచ్చేశాను. ఆ సాయంత్రమే టీ అంగడిలో ఎర్ర చెక్క ముక్క కథ కూడా మొదలుపెట్టాను.

పోయిన ఎన్నికలప్పుడు ఎప్పటిలాగే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమని ఆర్డరొచ్చింది. తుపాకులు సరిచూడడానికి పోలీసులు మామను పిలిపించారు. షామియానా కింద నలభై మంది రైతులం వరుసలో నిలబడ్డాం. ముందర బల్ల, బల్ల వెనుక ఎస్సై, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని మామ. వచ్చిన ప్రతి తుపాకి మూతినీ ఇసుకలోకి వంచి, "తెరిచి చూపించప్పా" అంటున్నాడు. మాజీ సర్పంచిని అడిగాడు. కాపలాకు నిలబడిన కానిస్టేబులును కూడా అడిగాడు.

నా వెనుక పుల్లన్న అనే గొర్రెల మందల ఆసామి ఉన్నాడు. నా ఆట ఆయనకు శానా ఇష్టం. "జయచంద్రా, ఒకపారి చెయ్యబ్బా" అని గిల్లాడు. నేను తల వంచి, గొంతు మార్చి మొదలుపెట్టాను. వరుసంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి నేను బల్ల ముందున్నాను. మామ నన్నే చూస్తున్నాడు. విన్నాడని తెలుస్తూనే ఉంది.

"తెరిచి చూపించప్పా" అన్నాడు, కోపమేమీ లేకుండా.

"ఖాళీనే మామా. మ్యాగజైను మూడు వారాల కిందట్నే పెరికినా."

ఆయన తుపాకి తీసుకుని, మూతి ఇసుకలోకి వంచి, అరచెయ్యి కింద పెట్టి బోల్టు లాగాడు. ఆ అరచేతిలో తూటా పడింది.

ఆయన చూశాడు, నేను చూశాను. ఎస్సై రిజిస్టరులో రాసుకుంటున్నాడు, ఇంకెవరూ చూడలేదు. పందులను బెదరగొట్టిన రోజు మ్యాగజైను పెరికానే గానీ, అప్పటికే లోపలికి ఎక్కి కూర్చున్న దాని మాట మరిచిపోయాను. ఆ పొద్దున మా రజని, తొమ్మిదేళ్ల పిల్ల, ఆ తుపాకిని గుడ్డతో తుడిచి ఇచ్చింది. గొట్టంలోకి ఒక కన్ను పెట్టి, "నాయనా, లోపలంతా చీకటిగా ఉండాదే" అంది. నేను నవ్వాను. అదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

మామ పిడికిలి మూసుకున్నాడు.

"ఇప్పుడు ఖాళీ. రాసుకోండి సార్. తర్వాత ఎవరప్పా?" అన్నాడు.

వెనుక ఇంకా ఇరవై మంది ఉన్నారు. మామ కుడి పిడికిలి విప్పకుండా, ఎడమచేత్తోనే అందరి తుపాకులూ చూశాడు. టీ ఎడమచేత్తో తాగాడు. సంతకం కూడా ఎడమచేత్తోనే చేశాడు, అది కోడి కెలికినట్టు వచ్చింది. పుల్లన్న కళ్ల నుంచి ఏదీ తప్పించుకోదు.

"ఏంది మామా, చెయ్యి మూసినావు? తెరిచి చూపించప్పా" అన్నాడు, అచ్చం నా గొంతుతో.

షామియానా ఎగిరిపోయేంత నవ్వు. ఎస్సై కూడా నవ్వి ఆ చేతివైపు చూశాడు. ఆ పిడికిలి విప్పితే నా లైసెన్సు పోతుంది. అది నాకు తగినదే. కానీ అంతమంది ముందు నా పరువు పోవడం తలుచుకుంటేనే ఎక్కువ భయం వేసింది, అదీ నా బుద్ధి.

"వాతం పట్టుకున్యాదప్పా. ముసలి చెయ్యి, తెరుచుకోదు" అన్నాడు మామ.

"అందర్నీ తెరిపించే మామ చెయ్యే తెరుచుకోకపాయె" అని ఎవరో అన్నారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వనిది నేనొక్కణ్ణే.

అందరూ పోయాక, గోడ పక్కన నా ముందు ఆ పిడికిలి విప్పాడు. తూటా అచ్చు అరచేతిలో ఎర్రగా దిగింది.

"పంచాయితీ పెట్టింటే నీకు నా మీద కోపమొచ్చేది. బుద్ధి రాదు. అందుకే మూసినా" అన్నాడు.

"తప్పైపోయింది మామా. తుపాకిదీ, ఆ ఆటదీ."

"ఆటకేంది, బాగుండాది. గొంతు ఇంగా కొంచెం బొంగురుగా తియ్యల్ల" అన్నాడు. తర్వాత కొంచెం మెల్లగా చెప్పాడు. "జయచంద్రా, అనుమానమొచ్చినోన్నొక్కన్నే తెరిచి చూపించమంటే వానికి సిగ్గు. డబ్బాలూ గొడుగులూ, అందర్నీ, అన్నిట్నీ అడిగితే పిచ్చి నాది. ఎవరికీ సిగ్గుండదు. పిచ్చోడు అడిగినాడులే అని తెరిచేస్తారు. నలభై ఏండ్లలో నీకు ముందర ఇట్ల ఆరు పడినాయి ఈ చేతిలో. ఆ ఆరుగురెవరో మా ఖమ్రున్నీసకు కూడా తెల్దు."

నేను ఏడోవాణ్ణి. నా పేరు నేనే బయటపెట్టుకుంటున్నాను.

ఎన్నికలయ్యాక తుపాకి తెచ్చుకుని నేరుగా ప్రొద్దుటూరు పోయాను. "మూడోది పెట్టు మామా" అన్నాను. ఎంత దూరం నుంచైనా కనబడే ఎర్ర చెక్క ముక్కను ఆయన బోల్టు సందులో ఇరికించి ఇచ్చాడు. వచ్చేటప్పుడు చిన్న రేకు డబ్బీ ఒకటి చేతిలో పెట్టాడు. మూసి ఉంది. ఆయన చేతి నుంచి మూసిన వస్తువు రావడం నేనెన్నడూ చూడలేదు.

"ఇంటికి పోయినాకనే తెరువు" అన్నాడు.

జమ్మలమడుగు దాకా ఓర్చుకున్నాను. ముద్దనూరు దగ్గర బండి ఆపి తెరిచాను. లోపల ఏమీ లేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఫోను చేశాను.

"మామా, డబ్బీలో ఏం ల్యా."

"యాడుండావు?"

"ముద్దనూరు కాడ."

"ఇంటికి పోయినాక తెరువమంటి గదా."

"ఏముందో ఏమో అని భయమేసింది మామా. తెరవకుండా పోలేకపోయినా."

అవతల మామ గొంతు సంతోషంగా వినబడింది.

"వచ్చే వారం తుపాకి పట్టుకొనిరాప్పా. ఆ చెక్క తీసేసి రెండోది పెడతా."