వంగమొక్కలకు పానకం

ఈ సంగతి నేను ఎప్పుడో నలభై ఏళ్ళ కిందటే రాయాల్సింది. రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, అప్పుడు నాకు అక్షరాలు రావు. మా ఊళ్ళో ఆడపిల్ల చేపను చూసి పేరు చెప్పగలిగితే చదువు పూర్తయినట్టే. అరవై దాటాక మా చర్చి అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, నా చేతికి పలక ఇచ్చి అ ఆలు దిద్దించారు. ఒత్తులు ఇప్పటికీ నాకు లొంగవు. అయినా కలం పట్టాను కాబట్టి ముందే చెబుతున్నాను. ఒక్క మాట తప్పుగా విని ఒక తోటనూ, ఒక పండుగనూ, కొత్తగా వచ్చిన ఒక పాస్టరు అయ్యగారినీ ఎంత ఆపదలో పడేశానో చదివి నవ్వుకోండి. అప్పటికి నాకు పాతికేళ్ళు. ఆ వయసుకు తెలివి రావాలి. నాది ఓడ ఎక్కకుండా శ్రీకాకుళం ఒడ్డునే ఉండిపోయినట్టుంది.

మేము అండమాన్లో మాయాబందరు వచ్చి అప్పటికి రెండేళ్ళయింది. మా ఆయన జెట్టీలో కూలి. ఇంటి వెనక చదును చేసిన కాస్త నేలలో వంగనారు వేశాను. మావాళ్ళు తరతరాలుగా సముద్రాన్ని దున్నినవాళ్ళే కానీ నేలను గోకినవాళ్ళు కారు. చలి వెళ్ళి వానాకాలం వచ్చేలోపు ఇక్కడి ఆకాశానికి ఎంత పిచ్చి పడుతుందో నాకెవరూ చెప్పలేదు. పొద్దున్న పెనం మీద నిలబడ్డట్టు ఎండ. మధ్యాహ్నం ఎవరో బిందె బోర్లించినట్టు వాన. సాయంత్రం సముద్రం మీంచి గాలి వచ్చి మొక్కలన్నిటి చేతా దండం పెట్టించేది. మొదటి నారు కొట్టుకుపోయింది. రెండోది మాడిపోయింది. మూడోదానికి కొబ్బరిమట్టలతో పందిరి వేసి, ఎండకు కప్పుతూ గాలికి విప్పుతూ చంటిబిడ్డలా సాకాను.

మొక్కలు పూతకొచ్చేసరికి నా నోరు కూడా పూసింది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ లేచి, "ఈస్టరు ప్రేమవిందుకు వంకాయ కూర మాదే!" అనేశాను. నలభై ఇళ్ళవాళ్ళకు! కూరగాయల ఓడ ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. నెలరోజులుగా అందరి కంచాల్లోనూ మొలకలొచ్చిన బంగాళాదుంపలే. అందరూ ఆ వంకాయల మీదే ఆశ పెట్టుకున్నారు.

ఈస్టరు పది రోజులుందనగా అకాల వాన ఒకటి కురిసి, దాని వెనకే పురుగు దిగింది. ఆకుల్ని జల్లెడ చేసింది. పక్కింటి సుశీలా దీదీ దగ్గరకు పరుగెత్తాను. దీదీది రాంచీ, మాకంటే చాలా ముందు వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. నాకొచ్చిన హిందీ ఉప్పు కొనడానికి చాలుతుంది, పోట్లాడటానికి చాలదు.

"దీదీ, కీడా! బైంగన్ ఖతమ్!" పురుగు పట్టింది, వంగతోట అయిపోయిందని మొత్తుకున్నాను.

దీదీ బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "అరే బహన్, రోతీ క్యోఁ హో? నీమ్ కా పానీ డాలో, సబ్ భాగ్ జాయేగా."

పానీ అంటే నీళ్ళని తెలుసు, అవి చల్లితే పురుగు పారిపోతుందంటోందనీ తెలిసింది. నీమ్ అంటే? నిమ్మ కాక ఇంకేమిటి! దీదీ తొందరలో మాట చివర మింగేసిందనుకున్నాను.

జెట్టీ నుంచి చర్చి దాకా నిమ్మచెట్టున్న ఏ ఇంటినీ వదల్లేదు.

"ఇన్ని కాయలేటే, ఎవులి పెళ్ళి?" అని అడిగింది అప్పలమ్మత్త.

"వంగమొక్కలకత్తా."

"ఓలమ్మో, దీనికి ఎండదెబ్బ తగిలిందేటి!"

బిందెడు రసం పిండాక సందేహం వచ్చింది. నిమ్మనీళ్ళంటే ఉప్పూ తీపీ లేకుండా ఎలా? ఉప్పు మొక్కను చంపుతుందని సముద్రం పక్కన పుట్టినదానికి ఒకరు చెప్పాలా? అందుకని ఎంతో తెలివిగా ఉప్పు మానేసి, ఇంట్లో ఉన్న బెల్లం దిమ్మంతా వేశాను. రుచి చూశాను. అమోఘం. కొత్త చీపురుతో ఆకాకుకూ చల్లి, వాన రాకూడదని ప్రార్థన చేశాను. రాలేదు.

మా ఆయన వచ్చి బిందెలో వేలు ముంచి నాకాడు. "ఏటే ఇది?"

"పురుగుమందు, మావా."

"మందేటే! కొత్తల్లుడికిచ్చే పానకం ఇది. వంకాయకు పిల్లనిత్తన్నావేటి?"

తెల్లారి చూద్దును కదా, కంచె పక్క అడవిచెట్టు మీంచి ఎర్ర చీమలు బారులు తీరి దిగుతున్నాయి. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఈ చీమలకు బెల్లం ఆజ్ఞ చాలింది. ఒక కాలు లోపల పెట్టాను. ఆ తరువాత నేను చేసిన నాట్యం వీధి వీధంతా చూసింది. మూడు రోజులు తోటలో అడుగు పెట్టలేదు. బెల్లం కడిగిపోయేలా వాన కురవమని మొక్కాను. వద్దన్నప్పుడు వచ్చే వాన రమ్మంటే మొహం చాటేసింది.

నాలుగో రోజు చేసేదేమీ లేక కంచె ఇవతల పీట వేసుక్కూర్చుని చూశాను. చూసి ఏడుపు మరిచిపోయాను. పది చీమలు కలిసి ఒక్క పురుగును మోసుకుపోతున్నాయి. మావాళ్ళు పడవను ఒడ్డుకు లాగినట్టే. హైలెస్సా ఒక్కటే తక్కువ. ఇంకోచోట చీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి, రెండు వంగాకుల అంచులు దగ్గరకు లాగాయి. అంతలో ఒక చీమ తన తెల్లటి పిల్లను నోట కరుచుకుని వచ్చి, ఈ అంచుకోసారి ఆ అంచుకోసారి తాకించింది. ఆ పిల్ల నోట్లోంచి దారం వచ్చి ఆకుల్ని గూడుగా కుడుతోంది! వల అల్లేటప్పుడు మా నాన్న దారాన్ని ఇటూ అటూ ఆడించినట్టే. సూది లేదు, నేర్పేవాళ్ళు లేరు. చిరిగిన రవిక కుట్టడానికి వారం రోజులు సణిగే నేను, పీట మీంచి లేచి నిలబడ్డాను. ఎందుకో కూర్చుని చూడటం తప్పనిపించింది.

శనివారానికి ఒక్క పురుగు లేదు. వంకాయలు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. కోసేదెవరు? చీమల పుట్ట పాములపాలంటారు, మా వంకాయలు చీమలపాలు. మర్నాడే ఈస్టరు. కంచె పట్టుకుని ఏడుస్తుంటే దీదీ వచ్చింది.

"అరే వాహ్! ఇత్నీ లాల్ చీంటీ!"

ఇన్ని ఎర్ర చీమలా అంటూ, బంగారం దొరికినట్టు ఇంట్లోకి పరుగెత్తి నీళ్ళ బేసిన్ తెచ్చింది. చేతులు కుడుతున్నా నవ్వుతూ ఆ ఆకుగూళ్ళన్నీ తెంపి నీళ్ళలో దులిపేసింది. "తుమ్ బైంగన్ తోడో, మైఁ చట్నీ బనాతీ హూఁ!" నువ్వు వంకాయలు కోసుకో, నేను పచ్చడి చేస్తానంటోంది. రాంచీలో చీమల పచ్చడి అంటే లొట్టలేస్తారట.

"ఇన్కో బులాయా కైసే?" వీటిని ఎలా పిలిచావు, అని అడిగింది.

మిగిలిన నిమ్మకాయలు ఒళ్ళో పోసి చూపించాను. "నీమ్ కా పానీ. ఆప్ బోలా!"

దీదీ నిమ్మకాయను చూసింది, నన్ను చూసింది. నేల మీద కూలబడి నవ్వింది. "యే నీంబూ హై, పగలీ! నీమ్ వో హై!"

నిమ్మకాయ నీంబూ అట. నీమ్ అని వేలు చూపిన చోట వాళ్ళ వేపచెట్టు ఉంది. రెండేళ్ళుగా దాని ఆకులు రోజూ మా వాకిట్లో ఊడుస్తున్నాను.

ప్రేమవిందులో వంకాయ కూర బాగుందన్నారు. కానీ కొత్త అయ్యగారు దీదీ పచ్చడి మూడుసార్లు వేయించుకున్నారు. ఆయనకింకా హిందీ రాదు.

"ఈ పులుపు చింతపండుది కాదే! మామిడికాయా అమ్మా?"

"మా తోటదే అయ్యగారూ."

"తోటలో ఏది?"

మా ఆయనకు పొలమారింది. "నడిచేదండీ" అన్నాను.

దీదీ ఉత్సాహం ఆపుకోలేక, "చీంటీ హై, పాస్టర్ జీ!" అని అరిచింది. హిందీ తెలిసిన నలభై ఇళ్ళవాళ్ళూ తినడం ఆపేశారు. అప్పలమ్మత్త మెల్లగా తెలుగులో చెప్పింది. "సీమలండి."

అయ్యగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. కంచం వంక చూసి అన్నారు, "చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని ప్రసంగాల్లో చెబుతుంటాను. నూరుకోమని చెప్పలేదమ్మా." తరువాత కంచం ముందుకు జరిపి, "అయినా ఇంకొంచెం వెయ్యి" అన్నారు.

ఆ రోజే, విందు పందిట్లో అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. చేత్తో తాకి, నోట్లో వేసుకుంటే తప్ప ఏ హిందీ మాటనూ ఇక నమ్మను.

మర్నాడు పొద్దున్నే దీదీ పెరట్లోకి వెళ్ళి, చెట్టుకు చెయ్యి ఆనించి, గుప్పెడు ఆకు నోట్లో కుక్కుకుని "నీమ్, నీమ్" అంటూ నమలసాగాను. దీదీ కిటికీలోంచి తొంగి చూసి, "అరే బహన్, బకరీ బన్ గయీ క్యా?" అంది. మేకవయ్యావా అని అడుగుతోంది. నోరంతా చేదు.