నీలం కోటు నడుము

గాయకుడి బృందంలో ఆమెను అందరూ సూదక్క అనేవారు. వయసు యాభై రెండు. బట్టలు కుట్టడం, ఇస్త్రీ చేయడం, చిరిగినవాటిని చిరిగినట్టు కనపడకుండా చూడడం ఆమె పని. ఆ ఏడాది యాత్రలో ముప్పై ఊళ్లు, ముప్పై థియేటర్లు, అందరికీ కలిపి ఒకటే బస్సు. ఇంటి దగ్గర నుంచి ఆమె భర్త రోజూ ఫోన్ చేసి, "ఉప్పు ఎక్కడ పెట్టావ్?" అని అడిగేవాడు. ఆ డబ్బా పదిహేనేళ్లుగా ఒకే చోట ఉంది. వంటింటికి ఆయనే కొత్త.

గాయకుడిని గురువుగారూ అని పిలవాలి. ఆయన ఎవరికైనా ఏదైనా నేర్పిన దాఖలా లేదు గాని, అలా పిలవకపోతే పలికేవారు కాదు. గొంతు మాత్రం బంగారం, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ప్రతి ఊళ్లోనూ మూడో పాట అయ్యాక ముదురు నీలం మఖమల్ కోటు మీద పొట్ట తట్టుకుని, "ఇరవై ఏళ్లుగా ఇదే కోటండీ! ఒక్క గుండీ కూడా జరగలేదు" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ కోటు వయసు మూడేళ్లు. దాని ముందు ఆ రంగు కోట్లే రెండు, చేసిన సేవ చాలని తప్పుకున్నాయి.

నాలుగో ఊళ్లో గాయకుడి బావమరిది సూదక్కను మేకప్ గది బయటికి పిలిచాడు. మేనేజరు కూడా అతనే.

"అక్కా, బావకి కోటు పట్టేస్తోంది. కాస్త వదులు చెయ్యి. ఆయనకి తెలియకూడదు."

"ఆయన వేసుకునే కోటు ఆయనకి తెలియకుండానా?"

"తెలిస్తే ఆ పూట పాడరు. మనందరి నోట్లో మట్టి."

సూదక్క పక్క కుట్లు విప్పి, లోపల మడిచి ఉన్న గుడ్డలోంచి అరంగుళం బయటికి వదిలింది. ఎనిమిదో ఊళ్లో ఇంకో అరంగుళం. పన్నెండో ఊరికి ముప్పావు. బస్సు ముందు సీట్లో గాయకుడి ఒళ్లో ఎప్పుడూ వేయించిన జీడిపప్పు పొట్లం ఉండేది. వెనక సీట్లవాళ్లకు మాత్రం ఉడకబెట్టిన కూరగాయలే. "కళాకారుడన్నాక నోరు కట్టుకోవాలి" అని ఆయన జీడిపప్పు నములుతూనే బోధించేవారు.

కోరస్‌లో పాడే ముగ్గురు ఆడవాళ్లలో ఒకామెను గంట అని పిలిచేవారు. గొంతు అంత ఖంగుమనేది. మనిషి కాస్త బొద్దు. పదమూడో ఊరికి బయల్దేరేటప్పుడు ఆమె బస్సు ఎక్కుతుంటే గాయకుడు ఎగాదిగా చూశారు.

"ఏమ్మా, నీకు ఒక సీటు సరిపోతుందా, ఒకటిన్నర ఇప్పించమంటావా?"

బస్సంతా నవ్వింది. నవ్వకపోతే వచ్చే యాత్రకు పిలవరని భయం. ఆయనకు ఇంకా ఊపొచ్చింది. "ఇవాళ్టి నుంచి పక్క తెర వెనక నిలబడి పాడు. మాకు గొంతు వినపడితే చాలు, మనిషి అక్కర్లేదు" అన్నారు.

ఆ సాయంత్రం గంట తెర వెనక నిలబడే పాడింది. మర్నాడు అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం బట్టల పెట్టె దగ్గరకొచ్చి, నీలం కోటు పక్క కుట్లు చూస్తూ చతికిలబడింది.

"అక్కా, నా గౌను కూడా వదులు చేస్తావా? ఎవరికీ తెలియకుండా."

"నీ గౌను నీకు అందరికీ తెలిసేలా సరిపోయిందే. ముందు లేచి తిను" అని కసిరింది సూదక్క. కసిరింది గాని, తన పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆ రోజు నుంచి నీలం కోటును ఇస్త్రీ చేసి తగిలించడమే తప్ప, సూది తాకించలేదు.

పంతొమ్మిదో ఊళ్లో గుండీ పట్టలేదు. గాయకుడు ఊపిరి బిగబట్టారు. బావమరిది ముందు నుంచి లాగాడు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. సూదక్కను పిలిచారు.

"ఏమిటిది? కోటు కుదించుకుపోయింది!" అన్నారు గాయకుడు.

"లేదండీ. నాలుగో ఊరి నుంచి నేనే వదులు చేస్తూ వచ్చాను. మీరే దాన్ని దాటేశారు."

బావమరిది మెల్లగా తలుపు వైపు జరిగాడు. గాయకుడు నడుము కొలవమన్నారు. సూదక్క కొలిచి అంకె చెప్పింది. "నీ టేపు సాగిపోయింది" అని తేల్చేశారాయన. స్టేజీ పని చేసే వడ్రంగి దగ్గర ఇనుప టేపు తెప్పించారు. ఇనుప టేపూ అదే చెప్పింది. ఆయన దాన్ని కాసేపు అనుమానంగా చూసి, కుర్చీలో కూలబడ్డారు. బయట హాలు నిండుతోంది.

"ఏదో ఒకటి చెయ్యమ్మా."

"రెండు పక్కలా పట్టీ వేస్తాను. హార్మోనియం మీద కప్పే నల్ల మఖమల్ గుడ్డ ఉంది. లైట్లలో తేడా తెలీదు. కాకపోతే గంట ఇవాళ ముందు నిలబడి పాడాలి."

"బెదిరిస్తున్నావా?"

"అబ్బే. మనసు కుదురుగా లేకపోతే నాకు కుట్టు వంకర పోతుందండీ."

గాయకుడు గడియారం చూసుకున్నారు. ఒప్పుకున్నారు. హార్మోనియం వాయించేవాడు కాసేపు గొణిగాడు గాని, అతని మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

మూడో పాట అయ్యాక గాయకుడు హార్మోనియం గుడ్డ మీద పొట్ట తట్టుకుని, "ఇరవై ఏళ్లుగా ఇదే కోటండీ!" అన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాతి పాటలో గంట ముందుకొచ్చి నిలబడి గొంతెత్తింది. జనం తలలన్నీ అటు తిరిగాయి, పాట అయ్యేదాకా ఇటు రాలేదు. మర్నాడు పేపరులో ఆయన గురించి రెండు వాక్యాలు, ఆమె గురించి ఆరు రాశారు. గాయకుడు వెంటనే విలేఖరిని పిలిపించి, "కొత్తవాళ్లను ముందుకు తేవడం మొదటినుంచీ నా అలవాటు" అని చెప్పారు. అదీ అచ్చయింది. గంట మిగతా పదకొండు ఊళ్లలోనూ ముందే నిలబడింది.

మరుసటి ఏడాది సూదక్కకు పిలుపు రాలేదు. ఎవరో అడిగితే గాయకుడు పెదవి విరిచి, "ఆవిడ చేతిలో పడితే బట్టలు కుదించుకుపోతాయి" అన్నారట.

ఈలోగా గంట ఆరుగురితో సొంత బృందం పెట్టుకుని, చిన్న వ్యానులో ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. మొట్టమొదట పిలిచింది సూదక్కనే. రెండో ఊరు దాటగానే గంట వ్యానులో అందరినీ ఒకసారి చూసి గొంతు సవరించుకుంది.

"ఇకనుంచి నన్ను మేడమ్ అంటే బాగుంటుందేమో."

"అలాగే గంటా" అంది సూదక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ.